ముందు పళ్లు లెక్కపెట్టండి



ఎద్దును కొనే రైతు ముందుగా దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. రెండు పళ్ల కోడెనా, ఆరు పళ్లదా, అన్నీ వేసేసిందా అన్నది తేలకుండా తువ్వాలు కింద చెయ్యిపెట్టి బేరం మొదలుపెట్టే రైతును నేనింతవరకు చూడలేదు. అటువంటి రైతుల ఇళ్లలోంచి వచ్చినవాళ్లం మనలో చాలామందిమి వున్నాం. కాని పాతకారు వెనక ఇరుసులోంచి కూత వినిపించిందనుకోండి, దాని పళ్లు లెక్కపెట్టాలన్న ఆలోచనే మనకు రాదు. "కొత్తది వేయించండి, లేదా కాటాకెయ్యండి" అని సలహా చెప్పేస్తాం. అది తప్పని నా వాదన. ఓపిక లేనివారు ఇక్కడితో ఆగి తరువాతి పేజీలో కవిత చదువుకోవచ్చు, నాకేమీ కోపం లేదు.

నేను మాట్లాడేది అంబాసిడర్ గురించి. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును ఆధారం చేసుకుని హిందుస్తాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారా కర్మాగారంలో 1958 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆపేశారు. ఈ మధ్యకాలంలో ముందు జాలీ మారింది, దీపాలు మారాయి, 1990ల మొదట్లో ఇసుజు వారి 1800 సి.సి. ఇంజను వచ్చింది. ఒళ్లు మాత్రం దాదాపు అదే. మంత్రిగారి కారూ అదే, బస్టాండు ముందు టాక్సీ కూడా అదే. 2017లో ఆ పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో వారు 80 కోట్ల రూపాయలకు కొనుక్కున్నారు. పేరుకు అంత ధర పలికింది గాని ఆ పేరు మోసిన బళ్లు చింతచెట్ల కింద కోళ్లకు గూళ్లుగా పడివున్నాయి. అందులో కొన్నిటి ఇంజను బాగానే వుంటుంది. వెనక ఇరుసు మోగిందని పక్కన పెట్టినవి అవి.

అసలీ డిఫరెన్షియల్ అనే వస్తువు ఎందుకొచ్చిందో చూడండి. మన ఎడ్లబండికి అది లేదు. బండి ఇరుసు తిరగదు. దాని కొసల మీద రెండు చక్రాలూ దేని దారిన అది తిరుగుతాయి, ఊడిపోకుండా శీల వుంటుంది. మలుపులో బయటి చక్రం రెండు చుట్లు ఎక్కువ తిరిగినా ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే లాగేది ఎడ్లు గాని చక్రం కాదు. చక్రమే బండిని నెట్టవలసి వచ్చిన రోజున తగాదా పుట్టింది. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే రెండూ సమంగా తిరిగి, మలుపులో ఏదో ఒకటి నేలమీద రాసుకుంటూ ఈడ్చుకుపోతుంది. విడివిడిగా వదిలేస్తే ఇంజను బలం ఎవరికివ్వాలి?

ఒక చిన్న లెక్క. అంబాసిడర్ వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.35 మీటర్లు. బండి పూర్తిగా వెనక్కి తిరిగితే బయటి చక్రం లోపలిదానికన్నా π రెట్లు 1.35, అంటే నాలుగు మీటర్లా పాతిక సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోవాలి. తమాషా యేమంటే, కాలేజీ గ్రౌండంత విశాలంగా తిప్పినా, సందులో ఇరుకుగా తిప్పినా ఈ తేడా అంతే. వ్యాసార్థం లెక్కలో కొట్టుకుపోతుంది. నమ్మనివారు కాగితం మీద రెండు అర్ధవృత్తాలు గీసుకోండి. టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త పైన. కాబట్టి బయటి చక్రానికి రెండు చుట్లు అదనం. ఆ రెండు చుట్లను ఇరుసు విరక్కుండా, టైరు అరక్కుండా సర్దిపెట్టేదే డిఫరెన్షియల్. ఆవిరి బండికోసం దీనికి 1827లో పేటెంటు తీసుకున్న ఫ్రెంచివాడు పెకూర్ గడియారాలు చేసేవాడు. గడియారంవాడికి తట్టిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. పళ్ల లెక్క తెలిసినవాడు గదా!

లోపల ఏముంటుందంటే, ఇంజను దగ్గర్నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు చివర చిన్న పళ్లచక్రం వుంటుంది, అది పినియను. అది తిప్పే పెద్దపళ్లెం క్రౌను. క్రౌనుకు బిగించిన గూడులో మళ్లీ నాలుగు చిన్న గేర్లు ఎదురెదురుగా కూర్చుంటాయి. సారమంతా రెండు వాక్యాలు. రెండు చక్రాల వేగాల సగటే క్రౌను వేగం. రెండు చక్రాలకూ అందే మెలితిప్పు బలం సమానం. రెండో వాక్యం మన ఊళ్లలో అందరికీ అనుభవమే. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు చక్రం ఒకటి దిగబడితే అదొక్కటే గిర్రున తిరిగి బురద చిమ్ముతుంది. గట్టినేల మీదున్నది మూగనోము పట్టినట్టు కదలదు. బురదలో వున్నది ఎంత బలం పుచ్చుకోగలదో రెండోదానికీ అంతే అందుతుంది మరి. డ్రైవరు లాకు పెడలు తొక్కుతాడు, లేదా తిరిగే చక్రం వైపు బ్రేకు ఒక్కటే నొక్కుతాడు. ఆ డ్రైవరు మన సిలబసు చదవలేదు.

ఇక పళ్ల లెక్క. పాత బండి కాగితాల మీద రాసి వున్నదొకటి, బండి కింద వున్నదొకటి అవడం మామూలే. నలభై ఏళ్లలో ఎందరి చేతులు మారిందో, ఏ బండి ఇరుసు ఏ బండి కిందికి వచ్చిందో ఎవరు చెప్పొచ్చారు? బ్రిటిషు మోటార్ కార్పొరేషన్ వారి ఈ కుటుంబపు ఇరుసుల్లో పినియనుకు 8 పళ్లు, క్రౌనుకు 39 వున్న జతలున్నాయి. 9కి 41 వున్నాయి, 10కి 43 వున్నాయి. నిష్పత్తులు వరుసగా 4.875, 4.556, 4.3. పైనుంచి చూస్తే మూడూ ఒకటే బొజ్జ, ఒకటే చేతులు.

విప్పకుండానే దీన్ని కనుక్కోవచ్చు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. గేరు న్యూట్రల్లో పెట్టి, హాండ్ బ్రేకు తీసెయ్యండి. వెనక ఒక్క చక్రాన్ని మాత్రం జాకీ మీద లేపండి. రెండోది నేలమీదే కదలకుండా వుండాలి. షాఫ్టు మీద సుద్దముక్కతో ఒక గీత, టైరు మీద ఒక గీత. లేపిన చక్రాన్ని ఇరవై చుట్లు తిప్పుతూ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో స్నేహితుణ్ణి లెక్కపెట్టమనండి. ఒక చక్రం వేగం సున్న కాబట్టి సగటు సూత్రం ప్రకారం క్రౌను పది చుట్లే తిరుగుతుంది. షాఫ్టు 43 చుట్లు తిరిగితే 10–43 జత. నలభై అయిదున్నర దాటితే 9–41. నలభై తొమ్మిదికి పావు తక్కువైతే 8–39. ఇందులో ఖర్చు ఒక సుద్దముక్క. కాని ఇరుసు అమ్మే కొట్టులోగాని, కొనే మనిషిగాని ఈ పని చెయ్యగా నేను చూడలేదు.

తప్పు జత వేస్తే ఏం కొంప మునుగుతుందంటారా? స్పీడు చూపే ముల్లుకు కదలిక గేరుబాక్సు నుంచి వస్తుంది. చక్రం నుంచి కాదు. 4.875 వుండవలసిన చోట 4.3 వేస్తే ముల్లు 60 దగ్గర నిలబడ్డప్పుడు బండి 68లో పోతూవుంటుంది. నిండా జనంతో మెట్ట ఎక్కేటప్పుడు క్లచ్చి వాసన రావడం వేరే సంగతి.

పళ్లసంఖ్యల్లో ఇంకో అందం వుంది. 41, 43 ప్రధాన సంఖ్యలు. 8కి, 39కి కూడా ఉమ్మడి భాజకం లేదు. గుండ్రంగా 10కి 40 పెట్టుకుంటే పోయేది గదా అనిపిస్తుంది. కాని అప్పుడు పినియనులో ఒక పన్ను ఎప్పుడూ క్రౌనులోని ఆ నాలుగు పళ్లనే కొరుకుతూ వుంటుంది. ఒకచోట గరుకుంటే ఆ గరుకు అక్కడే లోతుగా దిగుతుంది. ఉమ్మడి భాజకం లేనప్పుడు ప్రతి పన్నూ ప్రతి పన్నునూ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల ఊరందరికీ పంచినట్టు సమంగా పోతుంది. ఇంటర్మీడియట్లో గ.సా.భా. ఎందుకు పనికొస్తుందని వెనకబెంచీలో గొణిగినవారు గమనించగలరు.

మా చిన్నాన్నకు 1984 నాటి అంబాసిడర్ వుంది. వరిపొలం మీద మిగిలేది తెలిసిందే, పెళ్లి సీజనులో పెళ్లికొడుకు బండిగా అద్దెకు తిప్పి ఆ లోటు పూడ్చుకుంటాడు. ఇరుసు కూత పెడితే టౌనులో ఒక షాపువారు పినియను మార్చి ఇచ్చారు. పాడిగేదె ఖరీదు పుచ్చుకున్నారు. పళ్ల లెక్క సరిగానే వుంది, 9కి 41. రెండు నెలలు తిరక్కముందే పెళ్లివారితో కాలవగట్టు మీద ఇరుసు ఫట్‌మంది. అద్దె పోయింది సరే, మాట కూడా పోయింది. మళ్లీ ఆ ఊరివాళ్లు పిలవలేదు.

తరవాత కాలవ వంతెన దగ్గర షెడ్డులో వున్న పెద్ద మేస్త్రీ గారు దాన్ని విప్పారు. ముందుగా డ్రమ్ములు తీసి, ఆక్సిలు షాఫ్టులు అటూ ఇటూ లాగేసి, పొడుగు షాఫ్టు విడదీస్తే, లోపలి సరంజామా అంతా ముందువైపు నుంచి ఒకే ముద్దగా బయటికొస్తుంది. ఆయన దాన్ని కిరసనాయిలుతో కడిగి, భూతద్దం నా చేతికిచ్చి, "చదువుకున్నావు గదా బాబూ, ఆ నెంబర్లు చదువు" అన్నారు. క్రౌను అంచు మీద ఒక నెంబరు, పినియను ముఖం మీద ఇంకో నెంబరు. కలవలేదు. కర్మాగారంలో క్రౌనును, పినియనును ఒకదానితో ఒకటి కలిపి నూరి, జతగా నెంబరు కొడతారు. ఒకదాని నొక్కు ఇంకోదానికే సరిపోతుంది. "ఏళ్ల తరబడి ఒక కాడికింద నడిచిన జత బాబూ. ఒకటి పోతే సంతలోంచి ఇంకోటి తెచ్చి కడితే నడక కలవదు" అన్నారాయన. ఆ షాపువారు పళ్లు లెక్కపెట్టారేమో గాని నెంబరు చదవలేదు. లెక్క, చదువు రెండూ కావాలి.

జత కోసం వెతికితే ముందు 10–43 దొరికింది. చిన్నాన్న తొందరపడ్డాడు. మేస్త్రీ గారు "బండి దేనికి తిప్పుతారండీ?" అని అడిగారు. ఊరేగింపుకు. బాజాల వెనక మనిషి నడకన గంటసేపు పాకాలి. దానికి 4.3 కన్నా 4.556 మెరుగు, క్లచ్చి మీద భారం తగ్గుతుంది. అందుకని ఇంకో మూడు వారాలు ఆగి, నెంబర్లు కలిసిన 9–41 జతనే తెచ్చాం. రోడ్డు మీద దూరాలు పోయేవాడైతే 10–43నే వేసుకోవాలి. మంచి జత, చెడ్డ జత అని వుండదు. పని ఏమిటో అడగాలి.

బిగించడం విప్పడమంత సులువు కాదు. విప్పేటప్పుడే బేరింగు టోపీల మీద పంచితో ఇటు ఒక చుక్క, అటు రెండు చుక్కలు కొట్టారాయన. ఎడమది కుడికి మారితే ఇక కుదరదు. పినియను ముఖం మీద జత నెంబరుతో పాటు ప్లస్సో మైనస్సో గుర్తుతో ఒక అంకె వుంటుంది, ఆ పినియను ప్రామాణిక కొలతకు అంగుళంలో ఎన్ని వెయ్యోవంతులు ఎక్కువో తక్కువో అని. దాన్నిబట్టి వెనక వేసే రేకువాషరు మందం మారాలి. తరువాత పినియను బేరింగుల బిగువు. ఫ్లాంజికి దారం చుట్టి స్ప్రింగుత్రాసుతో లాగి చూశారు. బలాన్ని వ్యాసార్థంతో గుణిస్తే టార్కు! మన లాబులో కప్పీ ప్రయోగానికి వాడే ఆ స్ప్రింగుత్రాసే. ఆ తరువాత క్రౌనుకు, పినియనుకు మధ్య ప్లే. ఈ తరగతి ఇరుసుల్లో అది సాధారణంగా అంగుళంలో వెయ్యింట అయిదు నుంచి ఏడు భాగాలు, అంటే 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్ల దాకా. మన స్క్రూగేజి లీస్టుకౌంటు 0.01 మిల్లీమీటరు. అంటే మనం ఎందుకూ పనికిరాని తీగముక్క మందం కొలవడానికి వాడే సునిశితత్వమే ఇక్కడ ఒక కుటుంబం బండికి కావాలి.

చివరగా సిందూరం. హాస్యం కాదు. ఎర్ర సీసపు పొడిని నూనెలో కలిపి క్రౌను పళ్లకు పూసి అటూ ఇటూ తిప్పితే, పినియను ఎక్కడ ఆనుతోందో అక్కడ పూత చెరిగి మచ్చ పడుతుంది. మచ్చ పన్ను మధ్యలో పడాలి. పంటి మొదట్లో పడితే పినియను లోపలికి ఎక్కువ దిగినట్టు, పంటి కొసన పడితే వెలికి వచ్చినట్టు. క్రౌను లోపలి అంచు వైపు పడితే ప్లే చాలలేదు, బయటి అంచు వైపైతే ప్లే ఎక్కువైంది. మేస్త్రీ గారు అయిదుసార్లు విప్పి అయిదుసార్లు బిగించారు. నాలుగోసారికే నాకు బాగున్నట్టు అనిపించింది. ఆయన తల అడ్డంగా తిప్పారు. (సీసం విషం, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకండి. కెమిస్ట్రీవాళ్లు ఇది గట్టిగా చెప్పాలి.)

నూనె సంగతి కూడా కెమిస్ట్రీవాళ్లకే వదలాలి. ఈ ఇరుసులో పినియను క్రౌను మధ్యగీతకు సూటిగా వుండక కొంచెం కిందికి వుంటుంది. హైపాయిడ్ అంటారు. దానివల్ల బలం పెరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది, కాని పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు గట్టిగా రాసుకుంటాయి. ఆ రాపిడికి మామూలు నూనెపొర చిరిగిపోతుంది. గంధకం, భాస్వరం కలిసిన ప్రత్యేక నూనె పోస్తే, వేడెక్కినచోట ఉక్కుతో కలిసి పలచని పొర కడుతుంది, అరిగేది ఆ పొర. ఇది తెలియక "ఏదో ఒక గేరాయిల్ పొయ్యవయ్యా" అనేవాళ్ల వల్ల ఎన్ని జతలు చచ్చాయో!

పాతదల్లా కాపాడాలని నేననను. పంటి మీద గుంటలు పడ్డ జతను మళ్లీ బిగించడం మోసం. విరిగిన పన్ను మీద వెల్డింగు పోసి ఆకురాయితో చెక్కి ఇచ్చేవాళ్లున్నారు. ఆ పళ్లకు పైపొర మాత్రమే ప్రత్యేకంగా గట్టిపరచి వుంటుంది, వెల్డింగు వేడికి ఆ గట్టిదనం పోతుంది. అది బాగుచెయ్యడం కాదు, ప్రమాదాన్ని వాయిదా వెయ్యడం. అలాగే 50 ఏళ్లు దాటి అసలు రూపంలో వున్న బళ్లను వింటేజిగా నమోదు చేసుకోవడానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. ఏది అసలో, ఏది అతుకో చెప్పగలిగినవాడుంటేనే గదా ఆ మాటకు అర్థం? అలా చెప్పగలిగిన మేస్త్రీలకు అరవై దాటాయి. వాళ్ల పిల్లలు ఆ షెడ్లలోకి రావడం లేదు. రమ్మనే హక్కు మనకు లేదు, మనమూ మన నాన్నల పొలాల్లోకి పోవడం లేదు గదా.

అందుకని నేనడిగేది మనగురించే. మన డిగ్రీ లాబులో ఫ్లైవీలు తిప్పి జడత్వ భ్రామకం కడతాం. జవాబు ఎంత రావాలో సీనియర్ల రికార్డులో ముందే వుంటుంది, మనం అంకెల్ని అక్కడికి తోలుకుపోతాం, గొడ్లను దొడ్లోకి తోలినట్టు. పాత ఇరుసు దగ్గర ఆ ఆట సాగదు. నెంబరు కలిసిందా లేదా, మచ్చ మధ్యలో పడిందా లేదా అంతే. "అది ఇంజనీరింగువాళ్ల పని, ఐ.టి.ఐ. కుర్రాళ్ల పని" అని ఒక మిత్రుడు ఈ వ్యాసం చూసి ముఖం చిట్లించాడు. చేతికి గ్రీజు అంటితే ఫిజిక్సు మైలపడుతుందా? సగటు వేగమూ, గ.సా.భా., పొరకట్టే గంధకమూ ఎవరి సబ్జెక్టులు? "ఇక ముందన్నీ కరెంటు కార్లే" అన్నాడు మరొకడు. ఒకే మోటారుతో రెండు చక్రాలు తిప్పే కరెంటు కారులోనూ వున్నది డిఫరెన్షియలే. మలుపులో బయటి చక్రానికి దూరం ఎక్కువన్న సంగతి పెట్రోలుతో పాటు పోయేది కాదు.

యూనియన్ వారికి నా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవం రోజున పూలదండలకు పెట్టే డబ్బులో కొంత మిగిల్చి, ఇనపకొట్టులో తూకానికి అమ్మే ఒక పాత అంబాసిడర్ ఇరుసు కొని ఫిజిక్సు డిపార్టుమెంటుకు ఇవ్వండి. జత నెంబర్లు కలవకపోయినా ఫరవాలేదు, కలవలేదని కనుక్కోవడమే మొదటి ప్రయోగంగా పెట్టవచ్చు. స్ప్రింగుత్రాసులు, స్క్రూగేజీలు మన దగ్గర వున్నాయి. డయల్ గేజి ఒక్కటి కొనాలి. సిందూరం నేను తెస్తాను. మేస్త్రీ గారిని అడిగాను, ఆదివారం తప్ప ఏ రోజైనా వస్తామన్నారు, ఆదివారం షెడ్డులో గిరాకీ వుంటుందట. లాబులో చోటు లేదని ఎవరైనా అంటే, ఫ్లైవీలు బల్ల వెనక కిటికీ కింద ఆరడుగుల జాగా ఖాళీగా వుంది. నేను టేపు పెట్టి కొలిచాను.